మూడు ఊళ్లలో మూడు కొట్లు: బిల్లింగ్ ఎక్కడ ఉండాలి, నెట్ ఎలా వేయించాలి?

నందిగామ కొట్టు | శుక్రవారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. నందిగామలో మా నాన్నగారు పెట్టిన కిరాణా కొట్టు ఉంది. తరువాత విజయవాడ పటమటలో ఒక సూపర్ మార్కెట్ తెరిచాం. ఈ దసరాకు ఖమ్మంలో మూడోది తెరవబోతున్నాం. నందిగామలో రెండు బిల్లు కౌంటర్లు, పటమటలో నాలుగు, ఖమ్మంలో మూడు. మొత్తం ఆరున్నర వేల రకాల సరుకు. నెల మొదటి వారంలో పటమటలో రోజుకు 600 బిల్లులు దాటుతాయి.

ఇప్పటి పరిస్థితి చెబుతాను. నందిగామలో పాత సాఫ్ట్‌వేర్, పటమటలో నెట్ మీద నడిచే వేరొక సాఫ్ట్‌వేర్. రెండింటికీ పొత్తు లేదు. రాత్రి కొట్టు కట్టేశాక నాన్నగారు ఫోన్ చేసి అక్కడ నూనె డబ్బాలు ఎన్ని, ఇక్కడ మినప్పప్పు ఎంత అని అడిగి నోటు పుస్తకంలో రాసుకుంటారు.

పోయిన సంక్రాంతి ముందు రోజు సాయంత్రం పటమటలో నెట్ గంటన్నర పోయింది. నాలుగు కౌంటర్లూ ఆగిపోయాయి. వరుస మెట్ల దాకా వచ్చింది. నిండు బుట్టలు అక్కడే వదిలి ఎందరో వెళ్లిపోయారు. వాటిలోని సరుకు మళ్లీ అరల్లో సర్దేసరికి అర్ధరాత్రి అయింది. ఆ రోజు మళ్లీ రాకూడదని ఇక్కడ అడుగుతున్నాను.

ఇద్దరు కొటేషన్లు ఇచ్చారు. మొదటి ఆయన అంతా క్లౌడ్‌లో, అంటే నెట్ ద్వారా వాడుకునే బయటి సంస్థ కంప్యూటర్లలో పెడతానంటున్నారు, కౌంటరుకు ఇంతని నెలవారీ చెల్లింపు. రెండో ఆయన పటమటలో ఒక పెద్ద సర్వర్ పెట్టి, మిగతా రెండు ఊళ్లనూ నెట్ ద్వారా దానికి కలుపుతానంటున్నారు. కంప్యూటర్లతో సహా మా బడ్జెట్ ఆరు లక్షలు. ఏది మేలు?

తీగల మేస్త్రి | శుక్రవారం, రాత్రి 11:02

నందిగామ కొట్టు గారూ, పద్నాలుగేళ్లుగా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో దుకాణాలకు నెట్‌వర్క్ పని చేస్తున్నాను. మీ రెండో కొటేషన్‌ను ముందు పక్కన పెట్టండి. పటమటలో తీగ తెగితే నందిగామ, ఖమ్మం కూడా ఆగిపోతాయి. ఇప్పుడు ఒక కొట్టుకు జరిగింది రేపు మూడింటికీ జరుగుతుంది.

బిల్లు ఏ కొట్టులో కొడితే ఆ కొట్టులోనే పుట్టాలి, అక్కడి కంప్యూటర్లోనే భద్రం కావాలి. నెట్ ఉన్నప్పుడు ప్రధాన లెక్కలోకి చేరాలి. లేనప్పుడు వరుసలో వేచి ఉండి, వచ్చాక తనంతట తాను చేరాలి. క్లౌడ్ అమ్మేవారిలోనూ ఇలా చేయగలిగినవారు ఉన్నారు. ఒడూ అనే సాఫ్ట్‌వేర్ లాంటి వాటిలో అమ్మకం తెర ఒకసారి తెరిచాక నెట్ పోయినా బిల్లింగ్ సాగుతుంది. కాబట్టి క్లౌడా, కాదా అని కాకుండా, నెట్ లేనప్పుడు ఏమేమి ఆగిపోతాయని అడగండి.

మాటతో నమ్మవద్దు. ప్రదర్శనకు వచ్చినప్పుడు మీ చేత్తో నెట్ కేబుల్ పీకండి. ఇరవై బిల్లులు కొట్టండి. అందులో ఒకటి రద్దు చేయండి, ఒకటి తిరిగి తీసుకోండి. కంప్యూటర్ ఆపి మళ్లీ వేయండి. చాలా సాఫ్ట్‌వేర్లు ఇక్కడే చేతులెత్తేస్తాయి, ఎందుకంటే లోపలికి వెళ్లేందుకు పాస్‌వర్డ్ సరిచూడటానికే వాటికి నెట్ కావాలి. ఆ తరువాత కేబుల్ పెట్టి, ఇరవై బిల్లులూ వరుస సంఖ్య తప్పకుండా చేరాయో లేదో లెక్కపెట్టండి.

జమాఖర్చు | శనివారం, ఉదయం 7:40

తీగల మేస్త్రి గారు చెప్పిన వరుస సంఖ్య విషయం పన్ను లెక్కలకు ప్రాణం లాంటిది. జీఎస్టీ నిబంధన ప్రకారం బిల్లు సంఖ్య 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. మూడు కొట్లు, తొమ్మిది కౌంటర్లు నెట్ లేకుండా బిల్లు కొట్టాలంటే ప్రతి కౌంటరుకూ విడి వరుస ఉండాలి. ఒకటి కంటే ఎక్కువ వరుసలు ఉండటానికి చట్టం ఒప్పుకుంటుంది. ఊరికి రెండు అక్షరాలు, కౌంటరుకు ఒక అంకె, సంవత్సరానికి నాలుగు, క్రమసంఖ్యకు ఆరు పెట్టుకుంటే 13తో సరిపోతుంది. అన్ని కౌంటర్లకూ కలిపి ఒకే వరుస నడిపే సాఫ్ట్‌వేర్ అయితే నెట్ పోగానే ఆగుతుంది, లేదా ఒకే సంఖ్యతో రెండు బిల్లులు ఇస్తుంది.

మీరు ప్రస్తావించని పెద్ద విషయం ఇంకొకటి ఉంది. ఖమ్మం తెలంగాణలో ఉంది. అక్కడి కొట్టుకు వేరే జీఎస్టీ నంబరు తీసుకోవాలి. పటమట నుంచి నందిగామకు సరుకు పంపితే ఇన్‌వాయిస్ అక్కరలేదు, డెలివరీ చలానా చాలు. ఖమ్మానికి పంపితే మీ సరుకు మీకే పంపుకున్నా చట్టం దృష్టిలో అది అమ్మకమే. పన్ను వర్తించే సరుకుకు ఐజీఎస్టీతో, అంటే రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద వేసే జీఎస్టీతో ఇన్‌వాయిస్ రాయాలి. ఈ రెండు ఊళ్లలో దేనికి పంపినా సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు, అంటే రవాణాకు నెట్‌లో తీసుకునే పత్రం కావాలి. ఖమ్మం కొట్టు ఆ ఐజీఎస్టీని క్రెడిట్‌గా తీసుకుని, తాను కట్టే పన్నులో తగ్గించుకుంటుంది.

వార్షిక వ్యాపార పరిమాణాన్ని పాన్ మీద లెక్కిస్తారు, అంటే రెండు రాష్ట్రాలదీ కలిపి. అది 5 కోట్లు దాటితే, 2023 ఆగస్టు 1 నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఈ-ఇన్‌వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు తప్పనిసరి. కౌంటరు దగ్గర మామూలు కొనుగోలుదారుకు ఇచ్చే బిల్లుకు అది వర్తించదు. కానీ పటమట నుంచి ఖమ్మానికి రాసే ఇన్‌వాయిస్‌కు వర్తిస్తుంది. చాలామంది ఇది గమనించరు. రెండు కొటేషన్లలోనూ ఒకే పాన్ కింద రెండు జీఎస్టీ నంబర్లను నడపగలదా అని రాతపూర్వకంగా అడగండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఖమ్మాన్ని విడి సంస్థగా చూసి మళ్లీ పూర్తి లైసెన్సు రుసుం అడుగుతాయి.

చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పథకంలో లేరు కదా? ఉంటే వేరే రాష్ట్రానికి సరుకు పంపడానికి వీలుండదు.

నందిగామ కొట్టు | శనివారం, ఉదయం 8:30

కాంపొజిషన్‌లో లేమండీ. కానీ ఖమ్మం సంగతి నిజంగా మా ఆలోచనలోనే లేదు. రెండు కొటేషన్లలోనూ ఆ ఊసు లేదు. చాలా పెద్ద సాయం చేశారు.

చెప్పుల అంగడి | శనివారం, ఉదయం 11:20

నేను కొంచెం వేరుగా చెబుతాను. హైదరాబాద్‌లో మాకు నాలుగు చెప్పుల దుకాణాలు ఉన్నాయి. నాలుగేళ్లుగా పూర్తిగా క్లౌడ్ మీదే నడుస్తున్నాం. నెట్ పోయిన సందర్భాలు ఉన్నాయి, వెంటనే సిమ్ మీదికి మారాం, ఎప్పుడూ ఐదు నిమిషాలకు మించి ఆగలేదు.

అంతకు ముందు ప్రతి దుకాణంలో ఒక సర్వర్ ఉండేది. దాని బాగోగులు చూసేవారు ఎవరు? బ్యాకప్ రోజూ అవుతోందని సాఫ్ట్‌వేర్ అతను చెప్పేవాడు. డిస్కు పోయిన రోజు తీసి చూస్తే చివరి బ్యాకప్ ఏడు నెలల నాటిది. నలభై వేల జతల స్టాకును నలుగురం తొమ్మిది రాత్రులు కూర్చుని చేత్తో లెక్కపెట్టాం. ఇంట్లో కంప్యూటర్ తెలిసిన మనిషి లేని వ్యాపారికి సొంత సర్వర్ బరువే. ఆ బరువు కొటేషన్‌లో కనిపించదు.

తీగల మేస్త్రి | శనివారం, మధ్యాహ్నం 2:05

చెప్పుల అంగడి గారి మాట కాదనను. ఏడు నెలల నాటి బ్యాకప్‌లను నేనూ చాలా చూశాను. కానీ చెప్పుల దుకాణంలో ఒక కొనుగోలుదారుతో అరగంట గడుస్తుంది, బిల్లుకు ఐదు నిమిషాలు ఆగమంటే ఆగుతారు. కిరాణాలో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య నిమిషానికి రెండు మూడు బిల్లులు పడతాయి. ఐదు నిమిషాలు ఆగితే పదిహేను మంది వరుస.

సొంత సర్వర్ గురించి నేను మరచిపోలేని ఒక సంగతి చెబుతాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, అక్కడ మేము తీగలు వేసిన ఒక దుకాణం సర్వర్ బల్ల కింద నేల మీద ఉంది. బ్యాకప్ తీసుకునే బయటి డిస్కు కూడా దాని పక్కనే ఉంది. నీళ్లు తగ్గాక రెండింటినీ బురదలోంచి తీశాను. సరుకుకు బీమా ఉంది. ఎంత సరుకు పోయిందో చూపించే లెక్క మాత్రం లేదు. ఆ యజమాని ఆ డిస్కును చేతిలో పట్టుకుని నిలబడిన తీరు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆ రోజు నుంచి ఎవరికి పని చేసినా రెండు నియమాలు పెట్టుకున్నాను. యంత్రం నడుము ఎత్తుకు పైన ఉండాలి. బ్యాకప్ ప్రతి రాత్రీ వేరే ఊరికి వెళ్లాలి, అది తెరుచుకుంటోందో లేదో నెలకోసారి తెరిచి చూడాలి.

అందుకే మీకు నడిమి దారి చెబుతున్నాను. ప్రధాన లెక్క క్లౌడ్‌లో ఉంచండి. ప్రతి కొట్టులో అమ్మకం మాత్రం స్థానికంగా జరగాలి. అప్పుడు కొట్టులో ఉన్న యంత్రం పాడైనా పోయేది ఆ కాసేపటి లెక్క మాత్రమే.

ఇక తీగల సంగతి.

ప్రతి కొట్టుకూ ఒక ఫైబర్ లైను, దానికి తోడు వేరే కంపెనీ 4జీ సిమ్, ఒకటి పోతే రెండోదానికి తనంతట తాను మారే రెండు దారుల రౌటర్. రెండు ఫైబర్లు వేయించుకుంటే సరిపోతుందని అనుకోకండి. రెండు కంపెనీల తీగలూ చాలాసార్లు ఒకే స్తంభం మీదుగా వస్తాయి. రోడ్డు తవ్వే యంత్రం ఒక్క దెబ్బకు రెండింటినీ తెంచుతుంది. సిమ్ కొనే ముందు ఆ కొట్టు లోపల, వెనుక గోడౌన్ దగ్గర, సాయంత్రం రద్దీ వేళ సిగ్నల్ చూడండి.

కౌంటర్లకు వైఫై వద్దు, కేబులే వేయించండి. గోడౌన్‌లో సరుకు లెక్కించే ఫోన్లకు వైఫై చాలు. కేబుల్ కొనేటప్పుడు స్వచ్ఛమైన రాగి అని బిల్లు మీద రాయించుకోండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన కేబుల్ చవకగా దొరుకుతుంది. కొత్తలో బాగానే ఉంటుంది, తరువాత కనెక్టర్ దగ్గర విరగవచ్చు. కేబుల్ ముక్క చివర గీరి చూస్తే లోపల తెల్లగా కనబడుతుంది. కౌంటర్ల కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ నుంచి కౌంటరుకు కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. కరెంటు తీగలతో ఒకే పైపులో లాగనివ్వకండి, ఎలక్ట్రీషియన్లు పని తగ్గుతుందని అలా లాగేస్తారు.

ప్రింటర్లను యూఎస్‌బీతో కాకుండా నెట్‌వర్క్‌తో కలిపితే ఒక కౌంటర్ ప్రింటర్ పోయినా పక్క ప్రింటర్‌లో బిల్లు తీయవచ్చు. కానీ ప్రతి ప్రింటర్‌కూ రౌటర్‌లో స్థిరమైన చిరునామా కేటాయించాలి. లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ చిరునామా మారి, బిల్లు రావడం లేదని మీకు ఫోన్ వస్తుంది.

కంప్యూటర్లకు యూపీఎస్ అందరూ పెడతారు. ఫైబర్ పెట్టెకు, రౌటర్‌కు, స్విచ్‌కు పెట్టరు. కరెంటు పోతే కంప్యూటర్ వెలుగుతూనే ఉంటుంది, నెట్ మాత్రం పోతుంది. మీ పటమట గంటన్నర కూడా ఇదే అయి ఉండవచ్చు, ఒకసారి కనుక్కోండి.

సీసీ కెమెరాలను, కౌంటర్లను ఒకే నెట్‌వర్క్‌లో ఉంచవద్దు. స్విచ్‌లో విడదీయించండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌తోనే వదిలేసిన కెమెరాలను, రికార్డర్లను పట్టుకుని 2016లో మిరాయ్ అనే దాడి ప్రపంచమంతా సాగింది. ఇంటి నుంచి చూసుకోవడానికని కొందరు విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా నెట్‌కు తెరిచి పెడతారు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ముఠాలు దుకాణాల్లోకి వచ్చే ప్రధాన ద్వారాల్లో అది ఒకటి. సాఫ్ట్‌వేర్ వాళ్లు అడిగినా ఒప్పుకోకండి, వీపీఎన్ ద్వారానే, అంటే తాళం ఉన్న ప్రత్యేక దారిలోనే రమ్మనండి.

కంప్యూటర్లు పాతవి చవకగా ఇస్తామంటే విండోస్ 11 ఎక్కుతుందో లేదో చూడండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

బిల్లు కౌంటర్ | శనివారం, రాత్రి 9:50

నేను ఆరేళ్లు సూపర్ మార్కెట్‌లో కౌంటర్ మీద పని చేశాను, ఇప్పుడు రాజమహేంద్రవరంలో ఒక కొట్టుకు మేనేజరుని. పైన అందరూ తీగల గురించి, పన్నుల గురించి చెప్పారు. రోజుకు పన్నెండు గంటలు ఆ తెర ముందు నిలబడే అమ్మాయి గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆమె చేతిలో ఆలస్యమయ్యే మూడు సెకన్లే మీ వరుస.

ముందుగా చూడవలసింది ఎంఆర్‌పీ. ఒకే బార్‌కోడ్‌తో పాత ధర సబ్బు, కొత్త ధర సబ్బు రెండూ అరలో ఉంటాయి. స్కాన్ చేయగానే రెండు ధరలు ఉన్నాయి, ఏది అని తెర అడగాలి, ఒక మీట నొక్కితే తేలిపోవాలి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు మా కొట్టులో సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు, బిస్కెట్లు, తలనూనె అన్నీ 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి. ముందు రోజు రాత్రి హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ వారీగా, అంటే పన్ను కోసం సరుకు రకానికి ఉండే సంఖ్య వారీగా మార్చి పడుకున్నాం. పక్క వీధి కొట్టులో ఒక్కొక్క సరుకునూ తెరిచి మార్చుకుంటూ వారం రోజులు అవస్థ పడ్డారు. మీ ప్రదర్శనలో ఇది కూడా చేయించి చూడండి: రెండు వందల సరుకుల రేటును ఒకేసారి, ఫలానా తేదీ నుంచి అమలయ్యేలా మార్చగలరా?

తరువాత, మౌస్ ముట్టుకోకుండా బిల్లు పూర్తి కావాలి. మధ్యలో పెద్దావిడ పెరుగు మరచిపోయానని వెనక్కి వెళితే ఆ బిల్లును పక్కన ఆపి వెనుక మనిషిది కొట్టగలగాలి.

విడి సరుకు తూచే చోట లేబుల్ ముద్రించే కాటా పెట్టండి. కందిపప్పు కిలో పావు తూచగానే బరువు బార్‌కోడ్‌లోనే ముద్రిస్తుంది, కౌంటర్లో స్కాన్ చేస్తే చాలు. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూసుకోండి. ఆ బార్‌కోడ్‌ను మీ సాఫ్ట్‌వేర్ చదవగలదో లేదో కాటా కొనక ముందే పరీక్షించండి. మేము కొన్నాక తెలుసుకున్నాం, నాలుగు నెలలు వృథాగా పడి ఉంది.

స్కానర్ 2డీ రకమే తీసుకోండి, అంటే క్యూఆర్ కూడా చదివేది. ఒక గీత కాంతితో చదివే పాతరకం నలిగిన ప్యాకెట్ల మీద, ఫోన్ తెరల మీద తడబడుతుంది.

ఫోన్ నంబరు ఇవ్వందే బిల్లు ముందుకు కదలని సాఫ్ట్‌వేర్ వద్దు. నంబరు కోసం బలవంతపెట్టవద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకు సూచించింది. అడిగినప్పుడు ఎందుకని ముఖం మీదే ప్రశ్నించేవారికి జవాబు చెప్పవలసింది కౌంటర్లో ఉన్న పిల్లే.

నందిగామ కొట్టు | ఆదివారం, ఉదయం 6:55

బిల్లు కౌంటర్ గారూ, మీ సందేశాన్ని మా పటమట కౌంటర్ అమ్మాయిలకు చదివి వినిపించాను. ప్రతి మాటా నిజమన్నారు. ఆపిన బిల్లును మళ్లీ తీయడానికి ఇప్పుడు వారు ఏడుసార్లు మీట నొక్కుతున్నారట. ఇన్నాళ్లూ నాకు తెలియదు.

యూపీఐ గురించి కూడా చెప్పగలరా? మాకు కౌంటరుకు ఒక స్టిక్కర్, ఒక సౌండ్ బాక్సు ఉన్నాయి. రద్దీలో ఏ బాక్సు ఎవరి డబ్బు గురించి పలికిందో తెలియడం లేదు.

బిల్లు కౌంటర్ | ఆదివారం, ఉదయం 9:10

స్టిక్కర్ క్యూఆర్‌లో మొత్తం కొనుగోలుదారే టైపు చేస్తారు, పొరపాట్లు అక్కడే. 1,430కి బదులు 143 పంపినవారు ఉన్నారు. మా కొట్టులో ఒకసారి పాత చెల్లింపు తెర చూపించి వెళ్లిపోయారు కూడా. బిల్లు మొత్తంతో ఆ బిల్లుకే పుట్టే క్యూఆర్ కావాలి. చిన్న తెర మీద వస్తుంది, డబ్బు జమ కాగానే బిల్లు తనంతట తాను మూసుకుంటుంది. ఎవరి ఫోన్‌లోకీ తొంగి చూడనక్కరలేదు. నెట్ పోయిన వేళకు మాత్రం స్టిక్కర్‌ను కూడా ఉంచండి, సౌండ్ బాక్సుకు దాని సిమ్ దానికి ఉంటుంది కాబట్టి పలుకుతుంది.

జమాఖర్చు | ఆదివారం, ఉదయం 10:25

బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ చెల్లింపుల మీద 2020 జనవరి నుంచి వ్యాపారి రుసుం సున్నా. క్యూఆర్‌ను సాఫ్ట్‌వేర్‌తో కలిపినందుకు ఎవరైనా శాతం లెక్కన అడిగితే అది దేనికో కాగితం మీద రాయించుకోండి.

సరుకుల జాబితా తయారు చేసేటప్పుడు బియ్యం, పప్పుల దగ్గర జాగ్రత్త. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసినవాటికి 5 శాతం పన్ను ఉంది, విడిగా తూచి ఇస్తే లేదు. అదే బియ్యానికి మీ జాబితాలో రెండు పేర్లు, రెండు కోడ్‌లు ఉండాలి.

లెక్కల పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి. థర్మల్ కాగితం అంత కాలం నిలవదు, అక్షరాలు వెలిసిపోతాయి. రేపు ఈ సాఫ్ట్‌వేర్ వదిలి వేరేదానికి వెళితే పాత బిల్లులన్నీ ఎక్సెల్ రూపంలో మీ చేతికి వస్తాయా? ఒప్పందంలో ఈ వాక్యం లేకుండా సంతకం చేయకండి.

మందుల దుకాణం | ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఖమ్మం కొట్టులో ఎప్పుడైనా మందుల విభాగం పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి. బ్యాచ్, గడువు తేదీ, షెడ్యూల్ హెచ్1 మందులకు (కొన్ని యాంటీబయాటిక్‌ల వంటివి) విడి రిజిస్టరు కావాలి, ఆ రిజిస్టరును మూడేళ్లు ఉంచాలి. కిరాణా సాఫ్ట్‌వేర్లు అన్నీ దీన్ని చేయలేవు. మాలో చాలామంది మార్గ్ అనే సాఫ్ట్‌వేర్ వాడతారు.

నందిగామ కొట్టు | ఆదివారం, మధ్యాహ్నం 1:40

మందులు లేవండీ, కిరాణా వరకే.

డాలస్ తెలుగు సరుకులు | ఆదివారం, రాత్రి 8:30

టెక్సస్‌లో భారతీయ సరుకుల దుకాణం నడుపుతున్నాను. ఇక్కడ నెట్ పోదనుకుంటారు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో రాష్ట్రంలో చాలా చోట్ల కరెంటు పోయినప్పుడు మా బిల్లింగ్ బ్యాటరీ మీద నడిచింది, కానీ కార్డు యంత్రం నడవలేదు. ఇక్కడ నగదుతో వచ్చేవారు తక్కువ. పిల్లలకు పాలు కావాలని వచ్చిన కుటుంబాలకు పేరు, ఫోను పుస్తకంలో రాసుకుని సరుకు ఇచ్చాం, అందరూ తిరిగి కట్టారు. అందుకని ఒక మాట: పరీక్షించేటప్పుడు బిల్లు ఒక్కటే కాదు, డబ్బు తీసుకోవడం కూడా చూడండి. కార్డు యంత్రంలో సొంత సిమ్ ఉందా, కొట్టు వైఫై మీదే ఆధారపడిందా?

నందిగామ కొట్టు | తరువాతి శనివారం, రాత్రి 11:30

ఈ వారం జరిగింది రాస్తున్నాను. నాలాగే వెతుక్కుంటూ వచ్చేవారికి పనికొస్తుంది.

ముందుగా సంక్రాంతి సంగతి. మేస్త్రి గారు అనుమానించిందే నిజం. ఆ సాయంత్రం వీధిలో కరెంటు పోయింది, జనరేటర్ వేశాం. ఫైబర్ పెట్టె ప్లగ్గు మాత్రం జనరేటర్ లేని బోర్డుకు ఉంది. కంప్యూటర్లన్నీ వెలుగుతుంటే నెట్ కంపెనీని తిట్టుకుంటూ కూర్చున్నాం. ఇప్పుడు ఆ పెట్టెకు, రౌటర్‌కు కలిపి చిన్న యూపీఎస్ పెట్టించాను.

ముగ్గురిని పిలిచి కేబుల్ పీకాను. క్లౌడ్ ఆయనది ఆరు బిల్లుల దాకా నడిచింది, కంప్యూటర్ ఆపి వేశాక లోపలికి వెళ్లలేకపోయాం. సర్వర్ ఆయన పటమటలో బాగా చూపించారు, నందిగామలో పరీక్షకు ఒప్పుకోలేదు. మూడో ఆయన చెన్నై సంస్థ సాఫ్ట్‌వేర్ తెచ్చారు. ఇరవై బిల్లులు, రద్దు, వాపసు, కంప్యూటర్ ఆపి వేయడం అన్నీ నెట్ లేకుండానే అయ్యాయి. కేబుల్ పెట్టిన నాలుగు నిమిషాలకు అన్నీ పైకి చేరాయి, వరుస తప్పలేదు. రెండు జీఎస్టీ నంబర్లు ఒకే లైసెన్సులో ఉన్నాయి, పాత బిల్లులను తిరిగి ఇస్తామని ఒప్పందంలో రాశారు. రేట్ల మూకుమ్మడి మార్పు ఉంది, కానీ తేదీ ముందుగా పెట్టే వీలు లేదు. ఆ రాత్రి మేలుకోవాలి. దానికి సిద్ధపడ్డాను.

ఖర్చు ఆరు లక్షల నలభై వేలకు వెళ్లింది. లేబుల్ కాటాను మొదట పటమటకే తీసుకుంటున్నాం.

నేను ఊహించని కష్టం సరుకుల జాబితా. నందిగామలో కందిపప్పు ఐదు పేర్లతో ఉంది: కంది, కందిపప్పు, కందిపప్పు కొత్తది, కం.ప., ఒకటి నాన్నగారి స్నేహితుడి మిల్లు పేరుతో. రెండు కొట్ల జాబితాలు కలిపితే పదకొండు వేల వరుసలు వచ్చాయి. నాన్నగారు, నేను రోజూ రాత్రి పది తరువాత కూర్చుని తీసేస్తున్నాం. ఏ పేరు ఏ సరుకో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

బిల్లు కౌంటర్ | ఆదివారం, ఉదయం 6:30

ఆ జాబితాలో తెలుగు పేరు కూడా ఒక గడిలో పెట్టండి. బిల్లు మీద తెలుగులో వస్తే పెద్దవాళ్లు కౌంటర్ దగ్గరే చదివి సరిచూసుకుంటారు. ప్రింటర్ తెలుగు అక్షరాలను సరిగా ముద్రిస్తుందో లేదో ముందు ఒక బిల్లు తీసి చూడండి, కొన్నింటిలో ఒత్తులు విడిపోతాయి.

తీగల మేస్త్రి | ఆదివారం, ఉదయం 7:15

ఖమ్మంలో గోడలకు ప్లాస్టరింగ్ అయిందా? కాకపోతే పైపులు ఇప్పుడే వేయించండి. మూడు కౌంటర్లకు మూడు కాదు, ఆరు కేబుళ్లు లాగించండి. నాలుగో కౌంటర్ వచ్చిన రోజు గోడ పగలగొట్టనక్కరలేదు.

నందిగామ కొట్టు | ఆదివారం, ఉదయం 7:22

ఎల్లుండి ప్లాస్టరింగ్ మొదలండీ. ఇప్పుడే బయలుదేరుతున్నాను.